కింది పళ్లు రెండు

నా కింది పళ్లు రెండు పోలీసు జమేదారు తుపాకీ మడమ దెబ్బకు ఊడిపోయాయి. దెబ్బ తిని కూడా నేను పడలేదు. నెత్తురు ఉమ్మేసి, వాడి కళ్లలోకి చూసి, "ఇంక ముప్పై ఉన్నయ్, అవి గూడ తీస్కపో" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నోరెళ్లబెట్టారు.

పదిహేనేళ్లుగా ఈ కథ చెబుతున్నాను. మొదట్లో ఇందులో జమేదారు ఒక్కడే ఉండేవాడు. రెండు మూడేళ్లకు వాడికి ఇద్దరు జవాన్లు తోడయ్యారు. పోయిన పీర్ల పండుగకు చెప్పినప్పుడు మొత్తం ఏడుగురున్నారు, ఒకడు గుర్రం మీద ఉన్నాడు. గుర్రం ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలియదు.

అబద్ధం. నా పళ్లు పీకింది మా బావమరిది సాయిలు. మా గొర్రెల దొడ్లో, పట్టపగలు, కమ్మరి దగ్గర అడుక్కొచ్చిన పటకారుతో. పీకమన్నది నేనే.

పంటి వాపే కదా, అదే తగ్గుతుందిలే అని పసుపు రాసుకుని కూర్చునేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. అట్లా కూర్చుని నేను చావు దాకా పోయి వచ్చాను. ఇది రాయడం ముందు వాళ్ల కోసం. ఇంకో కారణం కూడా ఉంది. అది ఇప్పుడే చెబితే మీకు నా మీద కోపం వస్తుంది. చివర్లో చెబుతాను. అప్పటికి అలిసిపోయి ఉంటారు కాబట్టి కాస్త జాలి పడతారు.

జబ్బు సంగతి చెప్పేవాడు ముందు వయసు చెప్పాలి. నా చిక్కంతా అక్కడే ఉంది. నేను పుట్టిన ఏడు మందకు బొబ్బరోగం వచ్చి సగం గొర్రెలు పోయాయని మా అమ్మ చెప్పేది. ఆ లెక్కన నేను చెప్పబోయే సంవత్సరం నాకు నలభై అయిదు. అయితే బొబ్బరోగం రెండుసార్లు వచ్చిందనీ, అమ్మ ఏ రోగం సంగతి చెప్పిందో తెలియదనీ మా అన్న బీరయ్య అంటాడు. ఒక్కటి మాత్రం ఖాయం. అన్న నాకన్నా ఆరేళ్లు పెద్ద. నన్ను ఎత్తుకోబోయి రోటి మీద పడేశాడు. ఆ మచ్చ నా నుదుటి మీద ఉంది. అది అచ్చు కొట్టిన కాగితం లాంటిది, దాన్ని ఎవరూ కాదనలేరు.

మాది మర్రిగూడ దగ్గరి పల్లె. మా నీళ్లు తాగితే పళ్ల మీద పసుపు చారలు పడతాయి, ముప్పై దాటేసరికి నడుము పట్టేస్తుంది. నీళ్లలోనే ఏదో ఉందని ఇప్పుడంటున్నారు. అప్పట్లో అది వయసే అనుకునేవాళ్లం. నేను ఇంటిపట్టున ఉండి ఆ బావి నీళ్లే తాగాను. అన్న ఏడాదిలో ఎనిమిది నెలలు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయేవాడు. ఆ నీళ్లు తాగాడు, ఆ గాలిలో పడుకున్నాడు. అందుకే యాభై దాటినా అన్న నడుము కట్టెలా నిటారుగా ఉండేది, పళ్లు తెల్లగా మెరిసేవి. ఇద్దరం సంతకు పోతే నన్ను పెద్దవాడనుకుని ముందు నాకే నమస్తే పెట్టేవాళ్లు. నాకది కొంచెం ఇష్టంగానే ఉండేది.

*

ఆ ఏడు శ్రావణం

వానలు పడి గడ్డి మొలిచింది, మంద ఊరికి వచ్చింది. సర్కారు మీద తిరగబడ్డ సంఘంవాళ్లను పట్టుకోవడానికని మా దగ్గర్లో పోలీసు క్యాంపు పడింది. చుట్టూ కంచె కొట్టడానికీ, రోడ్డు పక్కన పొదలు నరకడానికీ, మూటలు మోయడానికీ ఇంటికొక మగవాణ్ణి పట్టుకుపోతున్నారు. పక్క ఊళ్ల నుంచి పోయినవాళ్లలో కొందరు కుంటుతూ వచ్చారు, కొందరు ఇంకా రాలేదు. మా ఇంట్లో మగవాళ్లం ఇద్దరమే. వదిన పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఆడమనిషి అంటే నా భార్య లచ్చమ్మ ఒక్కతే.

సాయిలుది పొరుగూరు. రొప్పుతూ వచ్చాడు.

"బావా, మా ఊళ్లె అయిపోయింది. రేపో ఎల్లుండో మీ ఊరికొస్తరు."

"ముసలోళ్లను ఇడుస్తరు గద. నా నడుము చూస్తె ఎవడన్న అరవై అంటడు" అన్నాను.

"నడుములు చూస్తలేరు. ఊరంత వంగే ఉన్నరు, గిదేం ఊరు అని జమేదారు గరమయిండు. మా పటేలేమో, సాబ్, ఈడ నడుము చూస్తె తెల్వది, గొర్లోళ్లు గొర్రె వయసు పండ్లు చూసి చెప్తరు, మీరు గట్లనే చూడుర్రి అన్నడు. ఇగ ఒక్కొక్కని నోరు తెరిపిస్తున్నడు. పండ్లు ఊడినోణ్ణి ఇడుస్తున్నడు."

నేను నాలుకతో నా పళ్లు తడుముకున్నాను. చారలున్నాయి కానీ అన్నీ ఉన్నాయి. నా తెలివి గురించి నాకు చాలా గొప్ప అభిప్రాయం ఉండేది. "పటకారు తేపో" అన్నాను.

ఇక్కడే మేమిద్దరం చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. గొర్రెకు పైన ముందు పళ్లుండవు, ఒట్టి చిగురే ఉంటుంది. మేం చూసేదంతా కింది వరస. రెండు పళ్లు వేసిందా, నాలుగా, ఆరా, నోరు నిండిందా, అరిగాయా, రాలాయా. పుట్టినప్పటి నుంచీ కింది దవడలే చూసినవాళ్లం. ముసలివాడిలా కనబడాలంటే ఏ పళ్లు తీయాలన్న ప్రశ్నే మాకు రాలేదు. నాకు పై పళ్లున్నాయన్న సంగతి నాకే గుర్తు లేదు. సాయిలుకూ గుర్తు రాలేదు.

మొదటిది సులువుగానే వచ్చింది. రెండోది విరిగింది, సగం లోపలే ఉండిపోయింది.

"ఉండనీ బావా, బైటికి కనవడది" అన్నాడు సాయిలు.

ఆ సగమే ఈ కథంతా.

మర్నాడు చావడి ముందు మగవాళ్లందరినీ వరసగా నిలబెట్టారు. జమేదారు కుర్చీలో కూర్చున్నాడు. నేను నడుము వంచగలిగినంత వంచి, కర్ర పట్టుకుని, దగ్గుకుంటూ పోయాను. వాడు చేతికర్రతో నా పై పెదవి లేపాడు.

"అచ్ఛా, పండ్లు మంచిగున్నయ్. జవానే, వయసులోనె ఉన్నవ్. గా పక్క నిలవడు."

గబగబా వేలితో కింది పెదవి లాగి చూపించాను. వాడు వంగి చూశాడు.

"ఏంది గిది? నెత్తురు కారుతాంది."

"పోయినేడు పొట్టేలు కుమ్మింది సాబ్."

"పోయినేడు కుమ్మితె గిప్పుడు నెత్తురా?"

జవాన్లు పగలబడి నవ్వారు. జమేదారు నవ్వలేదు. కుర్చీలోంచి లేవబోయాడు. అప్పుడు నా వెనక నిలబడ్డ బీరయ్య ముందుకొచ్చాడు.

"సాబ్, ఆయన మా అన్న. అరవై దాటినయ్. చిగుళ్లు కుళ్లి నెత్తురు గట్లనే కారుతది. ఇంట్ల చిన్నోణ్ణి నేను. నేనొస్త."

జమేదారు అన్న నోరు చూశాడు, నడుము చూశాడు. మా ఊరి పటేలు తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. మా ఇద్దరిలో ఎవరు పెద్దో ఆయనకు తెలుసు. నోరు విప్పలేదు. అది దయో, బద్ధకమో నాకిప్పటికీ తెలియదు.

అన్న జవాన్ల వైపు నడుస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగాడు. "అన్నా, మంద పైలం, మంచిగ చూస్కో" అన్నాడు.

పుట్టినప్పటి నుంచీ నన్ను అన్నా అని పిలిచింది అదే మొదటిసారి. 'కాదు, నేను చిన్నవాణ్ణి' అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరుంది, నోట్లో ముప్పై పళ్లున్నాయి. జమేదారు నా ముఖంలోకే చూస్తున్నాడు.

"సరే తమ్మీ" అన్నాను.

*

శ్రావణం వెళ్లేలోపు

మొదటి వారం చిగురు సలపరం. రెండో వారానికి గడ్డం కింద చేతికి గట్టిగా ఏదో తగిలింది, పచ్చి వెలక్కాయ మింగకుండా దాచుకున్నట్టు. లచ్చమ్మ పసుపు పెట్టింది, సున్నం పెట్టింది, వేపాకు వేడిచేసి కట్టింది. దగ్గర్లో వైద్యుడున్నాడు. అయితే ఆయనకు నోరు చూపిస్తే పళ్లు ఎట్లా పోయాయని అడుగుతాడు, ఆ మాట క్యాంపుకు చేరితే అన్న అక్కడ ఏమవుతాడు? ఇది నేను లచ్చమ్మకు చెప్పిన కారణం. సగం నిజమే. మిగతా సగం సిగ్గు.

"ఎవడన్న చేతులారా పండ్లు పీకిచ్చుకుంటడా?" అని ఆమె రోజుకు నాలుగుసార్లు అడిగేది. "నువ్వే గొర్రెవు, మా తమ్ముడు నీకన్న పెద్ద గొర్రె. మీ ఇద్దరికి అడ్డం పోయి పాపం బావ పట్టువడ్డడు."

నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. కొన్నాళ్లకు చెప్పలేకపోయాను. దవడ పట్టేసింది. ఒక వేలు పట్టేంత మాత్రమే నోరు తెరుచుకునేది. అంబలి పోస్తే సగం బయటికే వచ్చేది. నా గుండె చప్పుడు నా చెవిలోనే వినబడేది, ఎవరో పక్కింట్లో దంచుతున్నట్టు.

జ్వరంలో రోజుల లెక్క పోయింది. గోడ మీద ఎండ పడేది, చూస్తుండగానే ఎర్రబడేది, ఇదేమిటి, ఇప్పుడే కదా తెల్లారింది అనుకునేవాణ్ణి. ఒకరోజు లచ్చమ్మ ఇత్తడి చెంబులో నీళ్లు తెచ్చింది. చెంబు మీద ఒక ముసలివాడు కనబడ్డాడు. తెల్ల గడ్డం, లోపలికి పోయిన కింది పెదవి, గుంట కళ్లు. మా నాయిన అనుకున్నాను. నాయిన చచ్చిపోయి ఇరవై ఏళ్లయిందని గుర్తొచ్చాక కూడా నాయినే అనుకున్నాను. ఏదో అడగాలని చూశాను. ఆయన కూడా నోరు తెరవలేకపోయాడు.

అరవై ఏళ్ల వేషం వేసింది ఒక్క పూట కోసం. చావడి ముందు ఆ ఒక్క పూట గడిస్తే మళ్లీ నడుము కాస్త పైకెత్తి నలభై అయిదుకు వచ్చేద్దామనుకున్నాను. వెనక్కి వచ్చే తలుపు మూసేశారు. ఆ పదిహేనేళ్లు ఎటు పోయాయి? బతకకుండానే ఎట్లా గడిచాయి? మంచంలో పడి దీని గురించే ఆలోచించేవాణ్ణి. ఎంత ఆలోచించినా తేలేది కాదు. ఇప్పుడూ తేలలేదు.

*

చవితి తర్వాత

ఊపిరి తీస్తే ఈల వస్తోందని లచ్చమ్మ భయపడింది. సాయిలు బండి కట్టాడు. నల్లగొండ దవాఖానకు రెండు రోజుల దారి. సంఘంవాళ్లు రోడ్డుకు అడ్డంగా గుంటలు తవ్వారు, చెట్లు కొట్టేశారు. గుంట వచ్చినప్పుడల్లా సాయిలు బండి దించి, నన్ను వీపున వేసుకుని అవతలికి చేర్చి, మళ్లీ వచ్చి ఎడ్లను చుట్టు తిప్పి తెచ్చేవాడు. నన్ను మోస్తున్నంతసేపూ ఏడ్చాడు. "నాదే తప్పు బావా, నాదే తప్పు." నేను చేత్తో వాడి నెత్తిన తట్టేవాణ్ణి. ఊరుకోమని తడుతున్నానో, అవును నీదేనంటున్నానో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

దవాఖాన వరండా నిండా జనం. దెబ్బలు తిన్నవాళ్లు, జ్వరాలవాళ్లు, ఎవరి కోసమో వచ్చి ఎటు పోవాలో తెలియక కూర్చున్నవాళ్లు. మాకు ఒక స్తంభం పక్కన జాగా దొరికింది. ఇక మా కాపురం ఆ స్తంభం పక్కనే. పెచ్చులూడిన సున్నం మీద ఒక మేక బొమ్మ ఉన్నట్టుండేది. ఎండ మారితే అది కుక్క అయ్యేది.

కాంపౌండరు కాగితం పట్టుకుని వచ్చాడు. "ఉమర్ ఎంత?"

నేను ఆరు వేళ్లు చూపించాను. అరవై అని. ఎందుకట్లా చూపించానో ఇప్పటికీ అర్థం కాదు. కాగితం, టోపీ, ప్రశ్న. చావడి ముందున్నానేమో అనుకున్నాను.

"కాదు కాదు, నలభై అయిదే" అంది లచ్చమ్మ.

కాంపౌండరు నన్ను చూశాడు, ఆమెను చూశాడు, అరవై రాసుకున్నాడు.

సాయంత్రం డాక్టరు సాబ్ వచ్చి గడ్డం కింద నొక్కి చూశాడు. లోపల చీము పట్టింది, కోసి తీయాలి, విరిగిన పన్ను ముక్క కూడా తీయాలి అన్నాడు. తర్వాత కాగితం చూశాడు. "అరవై. గీ బక్క పానం కోతకు తట్టుకోదు. మత్తు మందు ఇస్తే మళ్ల లేవడు. మందు రాస్త, చూద్దాం."

లచ్చమ్మ ఆయన వెంట పడింది. "సాబ్, అరవై కాదు సాబ్. ఆయన పండ్లు ఊడలేదు, పీకిచ్చుకున్నడు. నలభై అయిదే సాబ్."

"అమ్మా, ఇంటిమనిషి బతకాలంటె ఎవరైన గిట్లనే చెప్తరు" అన్నాడు ఆయన. కోపంగా కాదు, మెల్లగానే. నా వంగిన నడుము వైపు చూపించి వెళ్లిపోయాడు.

చావడి ముందు ఎవరినైతే నమ్మించాలనుకున్నానో వాడు నమ్మలేదు. ఇక్కడ నమ్మకూడనివాడు నమ్మేశాడు. నవ్వొచ్చింది. నవ్వితే దవడ పగిలిపోయేలా ఉండేది.

ఆ దవాఖానలో బూబమ్మ అనే ముసలి ఆయా ఉండేది. నేను ఏమీ మింగలేకపోతున్నానని చూసి, మెత్తటి గుడ్డ పీలిక పేని, గంజిలో ముంచి, నా పెదవి సందులో పెట్టింది. చప్పరించాను. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు మేం అట్లాగే పాలు తాపుతాం. ఎన్ని వందల పిల్లలకు తాపి ఉంటానో. గంజి దిగుతుంటే ఒక్కసారిగా అరవై నుంచి పాలు తాగే వయసుకు వచ్చిపడ్డాను. కళ్లు కారాయి.

"ఏడ్వకు బిడ్డా, జర జరంత తాగు" అంది. బిడ్డా అంది. ఆ దవాఖానలో నన్ను చిన్నవాడనుకున్నది ఆమె ఒక్కతే.

*

ఆ నాలుగైదు రోజులు

తర్వాతి రోజుల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు, నాకు తప్ప. పైన విమానాల మోత వినిపించింది. నేను అది నా చెవిలోని దంపుడే అనుకున్నాను. యూనియన్ ఫౌజు వస్తోందన్నారు. వరండాలో జనం పలచబడ్డారు. డాక్టరు రెండు రోజులు రాలేదు. ముసల్మానుల ఇళ్ల మీద పడుతున్నారన్న మాట విని బూబమ్మ ఇంటికి పోవడానికి భయపడి, మా స్తంభం వెనకే ముడుచుకుని కూర్చుంది. ఆమె కొడుకు ఎటు పోయాడో తెలియదు. లచ్చమ్మ తన చెంగు ఆమె మీద కప్పింది. "మా ఒద్దనే ఉండు బూబమ్మా. ఎవలన్న అడిగితె మా అత్తవని చెప్త." ఆమె వణుకుతూనే నా కోసం గుడ్డ పీలిక పేనింది.

బయట జేజేలు వినబడ్డాయి. రాజ్యం మారిందన్నారు. నాకు ఊపిరి అందడం లేదు. పక్కన పడుకున్నతను సంతోషం పట్టలేక నా భుజం కుదిపాడు. నేను రాజ్యం మారినందుకు కాక ఆ కుదుపుకు ఏడ్చాను. అతను నా దేశభక్తిని మెచ్చుకున్నాడు.

మర్నాడు డాక్టరు వచ్చి నన్ను చూసి లచ్చమ్మను పక్కకు పిలిచాడు. అట్లా పక్కకు పిలిస్తే ఏమిటో అందరికీ తెలుసు. అప్పుడే వరండా మెట్లెక్కి ఒక మనిషి వచ్చాడు. తెల్లటి మాసిన గడ్డం, చిరిగిన గొంగడి, వాచిన పెదవులు. ఎవరో తెలియలేదు. నడుము చూసి గుర్తుపట్టాను.

క్యాంపు చెదిరిపోయిందట. ఊరికి పోయి, నేను ఇక్కడున్నానని విని, ఆగకుండా నడిచొచ్చాడట. లచ్చమ్మ ఒక్క అరుపు అరిచింది. "బావా, ఈ సాబ్‌కు చెప్పు. ఈయనకు అరవై లేవని చెప్పు."

అన్న డాక్టరు ముందు నిలబడ్డాడు. "సాబ్, గీడు నా తమ్ముడు. నాకన్న ఆరేండ్లు చిన్న."

మాట్లాడుతుంటే కనబడింది. అన్న నోట్లో పైన ముందు పళ్లు మూడు లేవు. చిగురు చీలి నల్లగా ఉంది. ఆ తెల్లటి పళ్లు లేక, గడ్డం పెరిగి, అన్న మొదటిసారి తన వయసుకు తగ్గట్టు కనబడ్డాడు. నాకన్నా పెద్దవాడిలా ఉన్నాడు.

డాక్టరు ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. "నీకెంత?"

"యాభై దాటినయ్ సాబ్. ఇగో, వీని నొసటి మీద మచ్చ. నేనే పడగొట్టిన."

డాక్టరు కాగితం మీద అరవై కొట్టేశాడు. ఆ పొద్దే కోశారు.

కోత గురించి నాకు తెలిసింది ఏమీ లేదు. లేచేసరికి గొంతులోకి గాలి పోతోంది. ఎంత పోతోందంటే, ఒక్కడికి ఇంత గాలి అక్కర్లేదనిపించింది. గడ్డానికి కట్టు. నన్ను పడుకోబెట్టిన మంచం కింద, నేల మీద అన్న నిద్రపోతున్నాడు. బూబమ్మ రెండు గిన్నెల్లో గంజి తెచ్చింది. ఒకటి నాకు, ఒకటి అన్నకు. ఆయనా నమలలేడు.

"పండ్లు ఏమైనయ్ బావా?" అని లచ్చమ్మ అడిగింది.

"పోయినయ్" అన్నాడు.

*

దసరాకు ఊరు చేరాక

బతుకమ్మలు వేసుకుంటున్న రోజులు. మా బండి చుట్టూ జనం మూగారు. ఒకే ఇంటివాళ్లం ఇద్దరం, ఇద్దరి నోళ్లలోనూ సందులు. ఎవరో అడిగారు, "క్యాంపోళ్లు కొట్టిన్రా?"

నన్నే చూసి అడిగారు. పెద్దవాడిలా ఉన్నవాణ్ణే కదా ముందు అడుగుతారు. నేను అన్న వైపు చూశాను. ఆయన ఎడ్లను విప్పుతున్నాడు.

"కొట్టిన్రు. తుపాకి మడమతోని" అన్నాను.

నేను చివర్లో చెబుతానన్నది ఇదే. తుపాకీ మడమ నిజం. జమేదారు నిజం. దారిలో అన్న లచ్చమ్మకు చెబుతుంటే విన్నాను. నోరు మాత్రం నాది కాదు. అన్న నోటికి తగిలిన దెబ్బను తీసుకొచ్చి నా నోట్లో పెట్టుకుని పదిహేనేళ్లు ఊరేగాను. నేను చెబుతుంటే ఆయన పక్కనే కూర్చుని వినేవాడు. గుర్రం వచ్చినప్పుడు మాత్రం ఒకసారి తల ఎత్తి చూశాడు.

నడుము మళ్లీ లేవలేదు. నలభై అయిదు మళ్లీ రాలేదు. ఊళ్లో పిల్లలు తాతా అనడం మొదలుపెట్టారు, పెద్దవాళ్లు కూడా అలవాటు పడ్డారు. ఇంట్లో అన్న కూడా సరదాకు నన్ను అన్నా అని పిలిచేవాడు, ఆ సరదా అట్లాగే ఉండిపోయింది. ఆ ఇంట్లో నేను పెద్దవాణ్ణి, ఆయన చిన్నవాడు. ఎక్కువ ఆలోచించలేదు. మొన్న వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నాను. బొబ్బరోగం నుంచి ఇప్పటికి అరవై. ఆ రోజు నేను ఆడిన అబద్ధం నిజమైంది. దానికోసం నేను ఏమీ చేయలేదు, ఊరికే ఉన్నాను, అంతే. ఎప్పుడు నిజమైందో చూడను కూడా లేదు. ఆ అబద్ధమే నాకంటే ముందు పోయి అక్కడ కూర్చుని నా కోసం చూస్తూ ఉన్నట్టుంది.

దీన్ని అచ్చుకు పంపే ముందు అన్నకు చదివి వినిపించాలనుకున్నాను. ఆయనకు చదువు రాదు. నిన్న పొద్దున మంద దగ్గర రాయి మీద ఇద్దరం కూర్చున్నాం. గుర్రం దగ్గరి నుంచి పన్ను ముక్క దాకా, దవాఖాన దాకా, ఆ 'కొట్టిన్రు' దాకా మొత్తం చదివాను. ఆయన ఒక గొర్రె గిట్టలో ముల్లు తీస్తూ విన్నాడు.

చదవడం అయిపోయింది. ముల్లు కూడా వచ్చింది.

"ఏడుగురు కాదు. ఒక్కడే" అన్నాడు. "కొట్టినంక వాడే నీళ్లు తెచ్చిచ్చిండు."

పదిహేనేళ్లలో ఎప్పుడూ అడగనిది అప్పుడు అడిగాను. "ఎందుకు కొట్టిండు?"

"నీ వయసెంత అని మళ్ల అడిగిండు. యాభై ఒకటి అన్న. పని తప్పిచ్చుకోను అబద్ధమాడుతున్న అనుకున్నడు."

"ముప్పై అయిదు అనుంటే అయిపోవు గద!"

"నాకు వచ్చిందే ఒక్క అబద్ధం. దాన్ని చావడి కాడనే వాడేస్తి." గొర్రెను వదిలాడు. నవ్వాడు. పైన ఖాళీ, కింద నిండుగా, అచ్చం గొర్రె నోరు. మా లెక్కన చూస్తే ఇంకా వయసులో ఉన్న పొట్టేలే. "నా పండ్లు నువ్వు మంచిగ చెప్పినవ్ తియ్. నాకు అంత మంచిగ చెప్ప రాకపోవు."

క్షమించాడో, ఎత్తిపొడిచాడో తెలియలేదు. "ఇగ నన్ను అన్నా అనకు" అన్నాను. గొంతు పిల్లవాడి గొంతులా వచ్చింది, నాకే సిగ్గేసింది.

ఆయన నా నుదుటి వైపు చూశాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది, మంద నీళ్ల వైపు మళ్లుతోంది. గొంగడి దులుపుకుని లేచాడు.

"సరే తమ్మీ. లెవ్వు" అన్నాడు.

ఆ మాట వినగానే నిజంగా పదిహేనేళ్లు దిగిపోయినట్టే అనిపించింది. ఒక్క ఊపులో లేవబోయాను. మోకాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడే ఆగిపోయాయి.

అన్న చేయి ఇచ్చాడు.